వెనక వరసలో ఆదివారం

ఆదివారం రాత్రి, బ్యూనస్ ఎయిర్స్

జూలై చలికి దోసెల పిండి ఈ వారం కూడా పులవలేదు. ఓవెన్లో లైటు వేసి రాత్రంతా ఉంచినా గిన్నెలో పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. పెనం మీద పోసినవాటిని దోసెలనాలో రొట్టెలనాలో తెలీలేదు గానీ ఆవకాయ ఉంది కాబట్టి గడిచిపోయింది. గిన్నెలు కడిగేసరికి పొద్దున పదయింది. అంటే బెజవాడలో సాయంత్రం ఆరున్నర, అమ్మ సీరియల్ మొదలవకముందు ఫోన్ చేసే వేళ.

"సాయంత్రం ఏం చేస్తున్నారు?" అంది.

"ఆయన ఇంట్లోనే. నేను మిలోంగాకి."

మిలోంగా అంటే పది మందీ చేరి టాంగో చేసే చోటు అని అమ్మకి ఎప్పుడో చెప్పాను. "అల్లుడుగారిని కూడా తీసుకెళ్ళచ్చుగా" అంది.

"ఆయన పక్కన కూర్చుంటే నన్నెవరూ పిలవరమ్మా."

అవతల కాసేపు టీవీ ప్రకటనలు తప్ప ఏమీ వినపడలేదు. నిజానికి నేను చెప్పింది ఇక్కడి పాతకాలం క్లబ్బుల్లో అందరికీ తెలిసిన విషయమే. జంటగా వచ్చినవాళ్ళకి వేరే టేబుళ్ళుంటాయి. మగమనిషితో కలిసి వచ్చి కూర్చున్న ఆడమనిషిని ఇంకొకరు పిలవరు, అది మర్యాద కాదు. మా ఆయనకి నాట్యమంటే ఒళ్ళు మంట, పైగా ఆదివారం ఫుట్‌బాల్ ఉంటుంది. కాబట్టి ఇద్దరికీ ఈ ఏర్పాటే సుఖం.

"అయితే ఎవరు పిలిస్తే వాళ్ళతో వెళ్ళిపోవడమేనా?"

"ఎవరు పిలిస్తే వాళ్ళతో వెళ్ళక్కర్లేకుండా ఉండడానికేనమ్మా అక్కడ అన్ని పద్ధతులూ."

"ఏమో తల్లీ. స్వెట్టరు వేసుకుని వెళ్ళు" అని పెట్టేసింది.

బట్టలు మడతపెడుతున్నంతసేపూ అదే ఆలోచన. టాంగో అంటే ఎర్ర గౌను, పళ్ళ మధ్య గులాబీ, అమాంతం వెనక్కి వాలిపోవడం అనుకుంటారు మనవాళ్ళు. అది స్టేజీ వ్యవహారం. ఇక్కడ ఆదివారం సాయంత్రం జనంలో ఎవరైనా కాలు అంతెత్తున లేపితే చుట్టూ ఉన్నవాళ్ళు గుర్రుగా చూస్తారు. అడుగులకన్నా ముందు నేర్చుకోవలసినవి కోదిగోస్, అంటే కట్టుబాట్లు. ఎక్కడా రాసి ఉండవు, అందరికీ తెలుసు. వాటిలో సగానికి సగం, కాదని నోటితో అనాల్సిన అవసరం, చెవులతో వినాల్సిన అవసరం ఎవరికీ రాకుండా పుట్టినవే అని నాకు గట్టి నమ్మకం.

క్లబ్బు మా ఇంటికి రెండు బస్సుల దూరం. వెనక వరస గురించి రాసుకోబోతున్నాను కాబట్టి దాని పేరు రాయను. వారంలో మిగతా రోజులు పిల్లలు బంతులాడుకునే పేట క్లబ్బు, ఆదివారం టేబుళ్ళ మీద గుడ్డలు పరిచి మిలోంగా అవుతుంది. ఈ ఊళ్ళో ఇలాంటివి చాలా ఉన్నాయి. విషా ఉర్కీసా పేటలో సందర్లాండ్ క్లబ్బుదయితే మరీ పెద్ద పేరు, అక్కడ బాస్కెట్‌బాల్ కోర్టు మీదే నాట్యం. పెద్ద కట్టుబాట్లేమీ వద్దనుకుంటే బెల్గ్రానోలో బర్రాంకాస్ పార్కుకి వెళ్ళచ్చు. అక్కడ లా గ్లోరియేతా అని ఒక గుండ్రటి మంటపం ఉంది, గాలీ వెలుతురూ ఉచితం, టోపీ తిప్పినప్పుడు తోచింది వేస్తే చాలు. చైనా బజారు కూడా ఆ పక్కనే కాబట్టి అల్లం, కొత్తిమీర కొనుక్కుని ఆ సంచీతోనే నాట్యానికి వెళ్ళిపోయిన రోజులున్నాయి. కానీ ఈ చలిలో మంటపంలో ఎవరుంటారు?

గుమ్మంలో నిర్వాహకురాలు బుగ్గకి బుగ్గ ఆనించి పలకరించి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. మనకి నచ్చిన కుర్చీలో కూర్చోవడం కుదరదు. ఒక గోడ పొడుగునా ఆడవాళ్ళు, ఎదురు గోడకి మగవాళ్ళు, మిగిలిన రెండు వైపులా జంటలూ గుంపులూ. ముందు వరస ఏళ్ళ తరబడి ప్రతి వారం వచ్చేవాళ్ళది. నాకు దొరికింది వెనక వరస, స్తంభానికి ఇవతల, వంటింటి తలుపు దగ్గర. వేయించిన ఎంపనాదాల (లోపల కూర పెట్టి కజ్జికాయల్లా మడిచినవి) వాసన మాత్రం మొదట నాకే.

టేబుల్ దగ్గర అప్పటికే ఒక పెద్దావిడ ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. ముందు విసనకర్ర, పిప్పరమెంటు బిళ్ళలు, సోడా సీసా. నేను కుర్చీలో కూర్చుని బూట్లు విప్పబోతుంటే కళ్ళతోనే వారించారు. నాట్యం చెప్పులు మార్చుకోవడం బాత్‌రూమ్‌లో, టేబుల్ దగ్గర కాదు. బాత్‌రూమ్‌లో బెంచీ నిండా ఆడవాళ్ళు, సంచుల్లోంచి తీసిన హీల్సు. వీధి మట్టి ఆ చెప్పులకి అంటదు, అవి చెక్కనేల మీదికే.

తిరిగొచ్చేసరికి దారియెన్సో మొదలైంది. టక్ టక్మని పరిగెత్తే పియానో. హ్వాన్ దారియెన్సోని ఇక్కడ లయకి రాజంటారు. 1935 తర్వాత కుర్రాళ్ళని మళ్ళీ కుర్చీల్లోంచి లేపింది ఆయన బృందమేనని పెద్దవాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్తారు. డీజే పాటల్ని విడివిడిగా వెయ్యడు. ఒకే బృందం, ఇంచుమించు ఒకే కాలం పాటలు నాలుగు కలిపి ఒక తాందా. వాల్స్ లయకీ, మిలోంగా అనే అదే పేరుతో ఉన్న ఇంకో లయకీ అయితే తరచుగా మూడే. తాందా అయ్యాక కొర్తీనా, అంటే టాంగోతో సంబంధం లేని ఏదో పాట ముక్క, అర నిమిషమో ఇంకాస్తో. అప్పుడు నేల మొత్తం ఖాళీ చెయ్యాలి. ఎవరి కుర్చీలోకి వాళ్ళు. ఎందుకంటే అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

కొత్త తాందా మొదటి పాట నాలుగు క్షణాలు వినపడగానే ఏ బృందమో తెలిసిపోతుంది. దీనికి ఎవరితో వెళ్ళాలని ఉందో వాళ్ళ వైపు చూడాలి. ఆ చూపుకి మిరాద అని పేరు. అవతల మనిషికీ ఇష్టమయితే చూపు కలుస్తుంది. అప్పుడు ఆయన తల కొద్దిగా ఊపుతాడు, అది కబెసేయో. మనం కూడా ఊపితే కుదిరినట్టు. చూపు తిప్పుకుంటే ఏమీ జరగనట్టు. నిజంగానే ఏమీ జరగలేదు కూడా. ఎవరూ లేవలేదు, హాలు దాటి రాలేదు, మొహం వేలాడేసుకుని వెనక్కి వెళ్ళలేదు. తల ఊపాక కూడా ఆడమనిషి కుర్చీలోంచి లేవకూడదు, ఆయన ఎదురుగా వచ్చి నిలబడే దాకా ఆగాలి. లేకపోతే ఒక్క చూపుకి ఇద్దరు లేచి నిలబడే ప్రమాదం ఉంది. వెనక వరసలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే మన ముందు కూర్చున్నావిడ కూడా అదే చూపు తనదనుకోవచ్చు.

ఇదంతా సాగాలంటే హాల్లో వెలుతురుండాలి. అందుకే పాతకాలం మిలోంగాలు పెళ్ళిపందిట్లో లాగా వెలిగిపోతూ ఉంటాయి. నాకు మైనస్ మూడున్నర. కళ్ళజోడు పెట్టుకుంటే ఎదురు గోడ కనిపిస్తుంది, కానీ కౌగిలిలో అవతలి మనిషి చెంపకి గుచ్చుకుంటుంది. అందుకని పిలుపు కుదిరే దాకా పెట్టుకుని, ఆయన నడిచొస్తుండగా తీసి టేబుల్ మీద పెట్టేస్తాను. పెద్దావిడ దాన్ని తన విసనకర్ర కిందికి జరుపుతారు, ఎవరూ మోచెయ్యి వెయ్యకుండా.

కౌగిలి అన్నాను కదా. ఛాతీకి ఛాతీ, చెంపకి చెంప, ముక్కూ మొహం తెలియని మనిషితో పన్నెండు నిమిషాలు. తెలుగింటి పిల్లకి ఇది ఎలా మింగుడుపడిందని హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలు అడుగుతూనే ఉంటుంది. మొదట్లో కర్రలా బిగుసుకుపోయేదాన్ని. అలవాటయ్యాక తెలిసింది, ఆ పన్నెండు నిమిషాలకీ గట్టు వేసి ఉంది. కొర్తీనా రాగానే ఆయన నన్ను నా కుర్చీ దాకా దిగబెట్టి వెళ్ళిపోతాడు, ఫోన్ నంబరు అడగడు. అదే మనిషితో వెంటనే రెండో తాందా చేస్తే జనం గమనిస్తారు. మూడోది చేస్తే మాట్లాడుకుంటారు. "కాఫీ తాగుదామా అని అడిగితే అది కాఫీ గురించి కాదు" అని నాకు ఈ పెద్దావిడే చెప్పి పెట్టారు.

ఇవాళ నాకు దొరికిన మొదటి తాందా ది సార్లి బృందానిది. నిదానంగా నడిచే పాటలు, నాకు ప్రాణం. వచ్చినాయనకి అరవై పైనే. పాట మొదలవగానే ఎవరూ అడుగు కదపరు. ఇరవై ముప్ఫై క్షణాలు నిలబడి మాట్లాడుకుంటారు, ఆ తర్వాతే కౌగిలి. మాటలు పాటకీ పాటకీ మధ్య మాత్రమే, నాట్యంలో ఉండకూడదు. ఎక్కడి నుంచి అన్నారు. ఇండియా అంటే యోగా, తాజ్‌మహల్ వరసలో వస్తాయని అలవాటే. ఇండియాలో ఎక్కడ అని అడిగితే ఆంధ్రప్రదేశ్ అన్నాను, అక్కడితో ఆగిపోతుందనుకుని. "పుట్టపర్తి!" అన్నారు, మనం పలికినంత స్పష్టంగా. సాయిబాబా భక్తులు ఈ దేశంలో బాగానే ఉన్నారని తెలుసు గానీ, ది సార్లి పాటల మధ్య నాకు రాయలసీమ ఎదురవుతుందనుకోలేదు. మొదటి విరామంలో బెంగళూరు నుంచి బస్సు ప్రయాణం. రెండో విరామంలో క్యాంటీన్ కారం, కళ్ళ నీళ్ళు. మూడో విరామంలో తెల్లారకుండానే లైన్లో కూర్చోవడం దాకా వచ్చింది, పాట అందుకుంది. తర్వాత కొర్తీనా. నన్ను టేబుల్ దగ్గర వదిలి, తల వంచి వెళ్ళిపోయారు. అక్కడే నిలబడి కబుర్లు చెప్తే వెనకవాళ్ళ చూపులకి అడ్డం. దర్శనం సంగతి వచ్చే తాందాకి బాకీ.

నేల మీద నడక గురించి కూడా రాసుకోవాలి. నేలని పీస్తా అంటారు, దాని మీద అందరూ గడియారానికి ఎదురు దిశలో ఒకే వలయంగా తిరుగుతారు, దాన్ని రోందా అంటారు. ముందు జంటని దాటి వెళ్ళకూడదు, వెనక్కి అడుగెయ్యకూడదు, వలయాలు మారకూడదు. నేల మీదికి కొత్తగా దిగేటప్పుడు అటుగా వస్తున్న జంటలో నడిపిస్తున్న మనిషి కళ్ళలోకి చూసి, ఆయన రమ్మంటేనే దిగాలి. ముందు చోటు లేకపోతే ఉన్నచోటే నెమ్మదిగా తిరుగుతూ ఆగాలి. ఈ మర్యాదలు ఎవరైనా మా బెంజి సర్కిల్లో పాటిస్తే వెనక ఆటోవాడు ఏమంటాడో ఊహించుకుని నాట్యం మధ్యలో నవ్వొచ్చింది. ఇవాళ ఎవరో టూరిస్టు ఉత్సాహంగా భాగస్వామి కాలు వెనక్కి లేపించాడు, హీలు పక్కావిడ పిక్కకి తగిలింది. అరుపుల్లేవు. నలుగురూ రెండడుగుల దూరం జరిగారు, ఆ జంట చుట్టూ ఖాళీ ఏర్పడింది. కొర్తీనాలో నిర్వాహకురాలు వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ ఏదో అంది. ఆ తర్వాత ఆయన కాళ్ళు నేల మీదే ఉన్నాయి.

అసలు నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. నేను కూర్చుని ఉన్న ఒక తాందాలో, రెండో పాట అయ్యాక ఒకావిడ "గ్రాసియాస్" అని చెప్పి పీస్తా మీంచి ఒంటరిగా వచ్చేసింది. ఆ మాట తాందా చివర అంటే కృతజ్ఞత. మధ్యలో అంటే, నీతో చాలు అని. ఇక్కడ ఇంతకన్నా పెద్ద మాట లేదు. ఆయన అంతకుముందు పాట పొడుగునా ఆవిడకి పాఠం చెప్తూ ఉండడం నేను చూశాను, అడుగు ఇలా వెయ్యి, బరువు అటు మార్చు అని. నాట్యం చేస్తూ పాఠాలు చెప్పడం పెద్ద తప్పు. ఆవిడ వచ్చి కూర్చుంది. హాల్లో ఒక్కరు కూడా ఆ వైపు తల తిప్పలేదు. అందరూ చూశారని నాకు తెలుసు, ఎందుకంటే ఆ తర్వాత చాలాసేపటి దాకా ఆయన తల ఊపుకి జవాబు దొరకలేదు. కానీ ఆవిడని ఎవరూ ఏమైందని అడగలేదు, ఓదార్చలేదు, తప్పుపట్టలేదు. మన ఊళ్ళో వద్దన్నదానికి ఎన్ని సంజాయిషీలు చెప్పుకోవాలో తల్చుకుంటే, ఈ చూడనట్టు ఊరుకోవడం నాకు అన్నిటికన్నా నాగరికంగా తోచింది.

అయితే, ఈ కాదనే హక్కు ఎంత బాగున్నా, కాదనడానికి ముందు ఎవరో ఒకరు చూడాలి కదా.

ది సార్లి తర్వాత నేను వరసగా చాలా తాందాలు కూర్చునే ఉన్నాను. ఇలా సాయంత్రమంతా కుర్చీకి అంటుకుపోయిన ఆడవాళ్ళని ఇస్త్రీ చేస్తోంది అంటారు ఇక్కడ. స్తంభం వెనక నుంచి నాకు ఎదురు గోడలో మూడో వంతు మాత్రమే కనిపిస్తుంది. అటు నుంచి నేనెంత కనిపిస్తానో దేవుడికెరుక. నాకంటే పెద్దావిడది అన్యాయం. నలభై ఏళ్ళుగా చేస్తున్న మనిషి, చేసినప్పుడు పాదాలు చూస్తే నేల ఆవిడకి లొంగిపోయినట్టుంటుంది. డెబ్బై దాటిన మగవాళ్ళు ముందు వరస ముప్ఫైల వైపు చూస్తారు. డెబ్బై దాటిన ఆడవాళ్ళు వంటింటి తలుపు వైపు జరుగుతారు. ఎవరూ ఎవరినీ అవమానించరు, కాబట్టి ఫిర్యాదు చెయ్యడానికి కూడా ఏమీ మిగలదు. మర్యాద వేరు, సమానత్వం వేరు. కోదిగోస్‌ని మెచ్చుకుంటూ రాసేవాళ్ళెవరూ ఈ స్తంభం వెనక కూర్చుని రాసినట్టు లేదు.

ఆవిడ దానికి చేసుకున్న ఉపాయం చెప్పారు. మిలోంగా అనే లయ ఉంది, టాంగోకన్నా వేగం, కొంటెతనం ఎక్కువ. దాన్ని బాగా చెయ్యగలిగినవాళ్ళు తక్కువ, తెలిసిన మగవాళ్ళు తెలిసిన ఆడవాళ్ళనే వెతుక్కుంటారు. "నేను టాంగోలకి సోడా తాగుతాను, మిలోంగాలకి పనిలోకి దిగుతాను" అన్నారు. అన్నట్టే, మిలోంగా తాందా మొదలవగానే అవతలి చివర నుంచి ముప్ఫై ఏళ్ళ కుర్రాడొకడు మెడ సాచి మరీ ఈవిడ కోసం చూశాడు. వాళ్ళిద్దరూ తిరుగుతుంటే ముందు వరస వాళ్ళు మాటలాపి చూశారు.

మధ్యలో చకరేరా వేశారు, జంటలు ఎదురెదురుగా వరసకట్టి చప్పట్లతో చేసే పల్లె నాట్యం. షాంపేన్ సీసాకి లాటరీ తీశారు, నాకు రాలేదు. ఎవరిదో పుట్టినరోజని ఒక వాల్స్ వేశారు. ఆవిడని నేల మధ్యలో నిలబెట్టి మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కొన్ని క్షణాల చొప్పున తిప్పారు. ఏడాదిలో ఆ ఒక్క పాటకి ఎవరి చూపు కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

ఈ కట్టుబాట్లు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే పెద్దావిడ వాళ్ళమ్మ గురించి చెప్పారు. 1940ల్లో పేట క్లబ్బుకి పెళ్ళికాని పిల్ల ఒక్కతీ వెళ్ళేది కాదు, తల్లో మేనత్తో పక్కన కూర్చునేది. వాళ్ళ ముందుకొచ్చి అడిగి, లేదనిపించుకుని, స్నేహితులంతా చూస్తుండగా హాలు దాటి వెనక్కి వెళ్ళే ధైర్యం ఏ కుర్రాడికుంటుంది? దూరం నుంచి తల ఊపడం అందరికీ క్షేమం. 1955లో అధ్యక్షుడు పెరోన్‌ని దించేశాక రోజులు మారాయి, కుర్రకారు రాక్ వైపు వెళ్ళింది, క్లబ్బుల్లో నాట్యం పల్చబడింది. 1983లో సైనిక పాలన పోయి ఎన్నికలు వచ్చాక మళ్ళీ ఊపందుకుంది. ఈవిడ మొదలుపెట్టిందీ అప్పుడే, ముప్ఫై దాటాక. 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరింది, అర్జెంటీనా, ఉరుగ్వే రెండిటి పేరునా.

2015లో ఆడవాళ్ళ మీద హింసకి వ్యతిరేకంగా 'ని ఊనా మేనోస్', అంటే ఒక్క ఆడమనిషి కూడా తగ్గకూడదు అంటూ ఇక్కడి వీధులు నిండిపోయాయి. ఆ గాలి మిలోంగాల్లోకీ వచ్చింది. కుర్రకారు నిర్వహించే చోట్ల ఇప్పుడు నాట్యంలో జంటని ఆడవాళ్ళు కూడా నడిపిస్తారు, మగవాళ్ళు మగవాళ్ళతో చేస్తారు, ఎవరు ఎవరినైనా అడగచ్చు, నోటితోనే అడగచ్చు, కుర్చీ కూడా ఎక్కడైనా వేసుకోవచ్చు. నాకది నచ్చుతుందని ఆవిడతో అన్నాను.

"మంచిదే" అన్నారు. "కానీ నోటితో అడిగితే నోటితోనే కాదనాలి. నీకు వచ్చా అది?"

రాదు. బెజవాడలో పెరిగినదాన్ని, ఎదురుగా నిలబడి అడిగిన మనిషికి లేదని చెప్పడం నాకెవరూ నేర్పలేదు. అందుకే నాకు ఈ పాత పద్ధతే సుఖంగా ఉందేమో, న్యాయమైనదని కాదు. రెండూ కలిపి ఒక చోట ఎందుకుండకూడదు, కళ్ళతో పిలుచుకోవడం ఉంచి కుర్చీల వరసలు తీసేస్తే ఏం పోతుంది అన్నాను. ఆవిడ నవ్వి, ముందు వరస వాళ్ళని అడిగి చూడమన్నారు.

చివర్లో పుగ్లియెసె బృందం పాటలు వేశారు. ఆ సంగీతానికి నేను ఎవరి వైపూ చూడను, వినడానికే సరిపోతుంది. ఆ తర్వాతి కొర్తీనాలో పెద్దావిడ చెప్పుల సంచీ తీశారు. ఇంకో తాందా ఉందిగా అంటే, అందుకే అన్నారు. ఆఖరి పాట ఎప్పుడూ లా కుంపర్సీతా. మోంతెవిదేయోలో ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి కార్నివాల్ కోసం కట్టిన బాణీ అది, ఈ ఊరివాళ్ళు ఉరుగ్వే మీద ఎన్ని జోకులేసినా రాత్రి ముగించేది దానితోనే. దానికి జతగా ఎవరిని ఎంచుకున్నారో అందరూ చూస్తారు. ఆ పాటకి కూర్చుని ఉండడం తనకి ఇష్టం లేదని ఆవిడ ఏ దాపరికమూ లేకుండా చెప్పారు. ఇద్దరం కలిసే బయటపడ్డాం.

బస్‌స్టాపులో చలికి చేతులు రుద్దుకుంటూ ఆవిడ లెక్కలు వేశారు. నిర్వాహకురాలికి విదేశీ ముఖాలు ముందు వరసలో కనిపిస్తే ఇష్టం, కాకపోతే అడిగితే గాని ఇవ్వదు. ఇద్దరికి కలిపి ఒకే టేబుల్ అడగాలి, నా పేరు మీద. నేను ముందుకి వెళితే నా పక్క కుర్చీలో ఆవిడ.

"మరి నాకేంటి లాభం?" అన్నాను.

"మిలోంగా నేర్పుతాను. గురువారం మా ఇంట్లో. ఆ లయ వస్తే నీకు డెబ్బై దాటాక కూడా పనికొస్తుంది."

రిజర్వేషన్‌కి వాట్సాప్ నంబరు ఇచ్చారు. ఇంటికొచ్చి పెరుగన్నం తింటూ మెసేజ్ పెట్టేశాను, వచ్చే ఆదివారానికి ఇద్దరు ఆడవాళ్ళు, ముందు వరస, స్తంభానికి అవతల అని. ఇంకా నీలం టిక్కులు పడలేదు. వాళ్ళింకా కుర్చీలు సర్దుతూ ఉంటారు.